నీలం పిల్లి ఎక్కడుందని అడిగేవాళ్లకు

"అచ్చం ఫోటోలాగే ఉంది" అనేది మన దగ్గర బొమ్మకు దక్కే అతిపెద్ద మెప్పు. నాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఫోటోలాగే కావాలంటే జేబులో ఫోన్ ఉంది కదా, ఫోటోనే తీసుకోండి.

ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిపూట అరచేయంత చెక్కముక్కల మీద అక్రిలిక్ రంగులతో పిల్లుల బొమ్మలు వేయడం నా అలవాటు. నల్లగొండలో నలభై దాటిన మగమనిషి చేయాల్సిన పని కాదట ఇది. మా మేనత్త వచ్చినప్పుడల్లా గోడవైపు చూసి, "ఏంది బిడ్డా, దేవుని బొమ్మలు ఏసుకోరాదు? గీ పిల్లులేంది ఇంట్ల?" అంటుంది. ఆమె మీద నాకు కోపం లేదు. దారిలో పిల్లి ఎదురైతే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరే మనిషి. గోడ నిండా పిల్లులున్న ఇంట్లోంచి ఆమె గడప దాటడమే కష్టం, పాపం.

కోపం వచ్చేది చదువుకున్నవాళ్ల మీద. బొమ్మ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "బాగుంది సార్, కానీ నీలం రంగు పిల్లి ఎక్కడైనా ఉంటదా?" అంటారు. ఏదో దొంగను పట్టుకున్నట్టు ఓ నవ్వు కూడా.

సరే, నేనూ ఒకటి అడుగుతాను. బతుకమ్మకు పేర్చే గునుగు పువ్వు చేలో ఏ రంగులో ఉంటుంది? తెల్లగా, కొసకు కాస్త గులాబీ ఛాయతో ఉంటుంది. దాన్ని కోసుకొచ్చి, కట్టలు కట్టి, కాడలు సమంగా కత్తిరించి, రంగునీళ్లలో ముంచి నీలంగా, ఆకుపచ్చగా, ముదురు గులాబీగా మార్చేది మనమే. తంగేడు పసుపు వరస మీద ఆ నీలం వరస కూర్చోగానే బతుకమ్మకు కళ వస్తుంది. నీలం గునుగు ఏ ఊరి చేలో పూసిందని ఏ ఆడబిడ్డనైనా ఎవరైనా అడిగారా? కృష్ణుణ్ణి నీలంగా వేస్తే దండం పెట్టుకుంటాం. పిల్లి దగ్గరికి వచ్చేసరికి సాక్ష్యం కావాలి!

అసలు దక్షిణ తెలంగాణ వాళ్లం మనం రంగుకు భయపడే మనుషులమా? ఇటు పోచంపల్లి, అటు నారాయణపేట, కింద గద్వాల. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటి రంగుకూ అంచు రంగుకూ ఎంత పోట్లాట ఉంటే చీరకు అంత అందం. చిలకాకుపచ్చకు ముదురు వంగపండు అంచు వేసిన చీరను మా ఇంట్లో ఆడవాళ్లు దుకాణంలో వెలుతురు దగ్గరికి తీసుకెళ్లి చూస్తారు. ఇది దేనిలాగా ఉంది అని అడగరు, ఈ రెండు రంగులూ ఒకదాన్నొకటి లేపుతున్నాయా లేదా అని చూస్తారు. పోచంపల్లిలో నూలును ముందే కట్టి, అద్ది, తర్వాత నేస్తారు కాబట్టి బొమ్మ అంచులు కాస్త చెదిరి ఉంటాయి. ఆ చెదరడమే ఇక్కత్ అని తెలుసుకుని డబ్బు పెట్టి కొంటాం. ఇంత కన్ను ఉన్నవాళ్లం బొమ్మ ముందు నిలబడగానే రంగు సంగతి మర్చిపోయి పోలిక వెతుకుతాం. ఇదే నాకు మింగుడుపడదు.

ఈ రోగం బడిలోనే అంటుకుంటుందని నా అనుమానం. డ్రాయింగ్ అంటే సీనరీ. రెండు త్రికోణాల కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక ఏరు, ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు. నల్లగొండలో కూర్చుని! కిటికీ తెరిస్తే లతీఫ్ సాహెబ్ గుట్ట కనిపిస్తుంది, అందులో త్రికోణం ఎక్కడుంది? మన గుట్టలంటే ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న గుండ్లు. మన చెట్టు తాటిచెట్టు. వాటిని వేసిన పిల్లలు నాకు పెద్దగా కనపడలేదు. మొన్న మా అపార్ట్‌మెంట్‌లో ఓ చిన్నపాప ఊదారంగు పిల్లిని వేస్తే వాళ్ల నాన్న పక్కనే నిలబడి "తప్పు, బ్రౌన్ వెయ్యి" అని క్రేయాన్ మార్చాడు. ఆయన చాలా మంచివాడు, లిఫ్ట్‌లో రోజూ నమస్తే పెడతాడు. అయినా చెప్తున్నా, తప్పు ఆయనదే.

ఇక పిల్లే ఎందుకు? ఈ ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబే ఉంది. గుండ్రటి తల మీద రెండు త్రికోణాల చెవులు పెట్టండి, నిలువు గీతల కళ్లు పెట్టండి. ఇక ఆకుపచ్చ పూయండి, నారింజ పూయండి, ఒంటినిండా నారాయణపేట గళ్లు గీయండి, అది పిల్లిగానే ఉంటుంది. రంగు ఎన్ని వేషాలు వేసినా ఆకారం మోసేస్తుంది. మనిషి ముఖంతో ఆ స్వేచ్ఛ తక్కువ. మా బావమరిది ముఖానికి ఆకుపచ్చ పూస్తే దసరాకు ఇంటికి రాడు.

పైగా పిల్లిని చూడటం అనేది ఒక పని. మన వీధుల్లో తిరిగే చారల పిల్లి నుదుటి మీద ఇంగ్లీషు ఎమ్ అక్షరంలాంటి గుర్తు ఉంటుంది, ఎంతమంది గమనించారు? మూడు రంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. మండుటెండలో కంటిపాప సన్నటి గీత, చీకటి పడితే నల్లటి గుండ్రం. ఇవన్నీ చూశాకే నీలం పూస్తున్నాను సార్, చూడలేక కాదు.

చిన్నగా వేయడం కూడా చేతకాక కాదు. అక్రిలిక్ నీటితో కలిసే రంగు. నీరు ఆవిరైపోతే పొర గట్టిపడుతుంది, ఇక తడి చేసినా కరగదు. మే నెలలో మన ఊళ్లో ఫ్యాన్ కింద పెట్టుకుంటే బ్రష్ ముంచేలోపే రంగు పైన తోలు కడుతుంది. పెద్ద కాన్వాస్ మీద ఒక రంగును ఇంకో రంగులోకి మెల్లగా కలుపుదామంటే ఈ ఎండ ఊరుకోదు. అరచేయంత జాగాలో అయితే ఎండ కంటే మన చెయ్యే ముందుంటుంది. అందుకు తోడు నా తంటా ఒకటుంది. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో తడిపిన టిష్యూ పేపర్ మడతపెట్టి, దానిమీద బటర్ పేపర్ పరిచి, రంగులు దానిమీద పిండుకుంటాను. మూత పెడితే మర్నాడు కూడా తడిగానే ఉంటాయి.

చెక్కముక్కలు ప్లైవుడ్ షాపులో కోత తర్వాత మిగిలినవి. సాండ్ పేపర్ పట్టి, తెల్ల ప్రైమర్ రెండు పూతలు వేస్తే చాలు. బొమ్మ కుదరకపోతే దానిమీదే మళ్లీ తెలుపు కొట్టి ఇంకో పిల్లి. ఆరిన పొర కింద ఉన్నది పైకి ఊరదు. పసుపు మొండిది, కింది రంగును సరిగ్గా కప్పదు. ముందు తెలుపు వేసి దానిమీద పసుపు వేయాలి. నల్ల పిల్లికి ట్యూబులోని నలుపు వాడకండి, బొగ్గు ముద్దలా చచ్చిపడి ఉంటుంది. అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు కలపండి. వెలుతురు పడిన చోట నీలం ఎక్కువ, నీడలో గోధుమ ఎక్కువ. చూడండి అప్పుడు ఒంట్లో ఎలా కదులుతుందో. ఆరాక రంగులు ఒక మెట్టు ముదురుతాయి కాబట్టి కాస్త లేతగానే కలుపుకోండి. మీసాలు చిట్టచివర, రంగును బాగా పలచన చేసి, ఊపిరి బిగబట్టి, ఒక్క గీత.

పిల్లి కూడా ఒక సబ్జెక్టేనా అని పెదవి విరిచేవాళ్లు మహాబలిపురం వెళ్లి రావాలి. పల్లవులు ఏడో శతాబ్దంలో చెక్కించిన ఆ పెద్ద బండమీద దేవతలూ ఏనుగులూ ఉన్నచోటే, చేతులు పైకెత్తి తపస్సు చేస్తున్న దొంగ పిల్లి ఉంది, చుట్టూ ఎలుకలు. పంతొమ్మిదో శతాబ్దంలో కలకత్తా కాళీ గుడి దగ్గర పటాలు గీసే పటువాలు యాత్రికులకు చవగ్గా అమ్మిన కాళీఘాట్ బొమ్మల్లో నోట రొయ్య కరుచుకున్న పిల్లి ఉంది, దొంగ సన్యాసుల మీద ఎగతాళి అది. ఆ పటాల దారి పట్టిన బెంగాలీ చిత్రకారుడు జామినీ రాయ్ కూడా పిల్లుల్ని వేశాడు. మన చిత్రకారుడు తోట వైకుంఠం గారు వేసే తెలంగాణ ఆడవాళ్ల నుదుటి మీద బొట్టు ఎంత ఉంటుందో కొలిచి, నిజంగా అంత పెట్టుకుంటారా అని ఎవరైనా అడుగుతారా?

చివరిగా అమ్మకం సంగతి. "బావా, ఇన్‌స్టా పేజీ పెట్టు, సైడ్ ఇన్‌కమ్ వస్తది" అని మా బావమరిది ప్రతి పండక్కీ అంటాడు. అమ్ముకునేవాళ్లు అమ్ముకోండి, అందులో తప్పేం లేదు. నాకెందుకు వద్దంటే, మొదటి ఆర్డర్ ఎలా వస్తుందో నాకు తెలుసు. "మా పిల్లి చింటూ ఫోటో పంపుతున్నా, అచ్చం ఇలాగే కావాలి, కింద పేరు రాయాలి." అంతే, నీలం పిల్లి ఆ రోజే చస్తుంది. నేను మళ్లీ బ్రౌన్ క్రేయాన్ దగ్గరికి వచ్చేస్తాను, ఈసారి డబ్బు తీసుకుని.

ఊరికే ఇమ్మంటే ఇస్తాను. నేర్చుకుంటామంటే ఆదివారం పొద్దున ఇంటికి రండి, చెక్కలు చాలా ఉన్నాయి, రంగులూ ఉన్నాయి. బ్రష్ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. మీసాలు గీసే నా సన్న బ్రష్‌ను పోయినసారి ఒకాయన రంగుతో అలాగే ఆరబెట్టి వెళ్లిపోయాడు.