గాత్రానికి పట్టం, నటుడికి మొండిచెయ్యి

2021 సంవత్సరానికి జాతీయ ఉత్తమ నటుడిగా 'పుష్ప' కథానాయకుడు అల్లు అర్జున్ ఎంపికైనప్పుడు, ఒక తెలుగు నటుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారని అందరం సంబరపడ్డాం. సంబరం సబబే. కానీ 1967 నుంచి ఇస్తున్న పురస్కారానికి అంతవరకూ ఇక్కడ అర్హులే లేరన్న భావన ఆ సంబరం చాటున స్థిరపడిపోతే మాత్రం ఊరుకోలేం. 'శంకరాభరణం'లో జె.వి. సోమయాజులు నటనను చూసినవారెవరూ ఆ మాట ఒప్పుకోరు.

27వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఆ చిత్రం జనరంజక విభాగంలో స్వర్ణకమలం గెలిచింది. సంగీతానికి కె.వి. మహదేవన్, గానానికి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం పురస్కారాలు అందుకున్నారు. ముగ్గురూ ముమ్మాటికీ అర్హులు. అయితే ఆ గానం చిత్ర కథానాయకుడైన సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రి గొంతులోంచే వస్తోందని ప్రేక్షకుణ్ణి నమ్మించిన మనిషికి ఆ జాబితాలో చోటు లేదు. పాటను మెచ్చి, ఆ పాటకు ప్రాణం పోసిన ముఖాన్ని విస్మరించడం ద్వంద్వ ప్రమాణం కాక మరేమిటి?

ఆ ఏడాది 'స్పర్శ్'కు గాను ఉత్తమ నటుడైన నసీరుద్దీన్ షా ప్రతిభను ఎవరూ శంకించరు, ఒక పురస్కారం ఒకరికే దక్కుతుందన్నదీ నిజమే. మా అభ్యంతరం విజేత మీద కాదు, కొలమానం మీద.

రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తూ, రంగస్థలంపై 'కన్యాశుల్కం' రామప్ప పంతులుగా మెప్పించిన సోమయాజులు, కెమెరా ముందుకు వచ్చేసరికి నాటకపు ధాటిని పూర్తిగా అదుపులో పెట్టుకున్నారు. పెళ్లిచూపుల్లో పాడుతూ కూతురు స్వరం తప్పినప్పుడు 'శారదా' అన్న ఒక్క గద్దింపులో విద్వాంసుడి ఆగ్రహమూ తండ్రి నిస్సహాయతా కలిసి వినిపిస్తాయి. 'దొరకునా ఇటువంటి సేవ' పాడుతూ వేదికపైనే కుప్పకూలే ఘట్టంలో రాగం బాలసుబ్రహ్మణ్యానిదే, కానీ ఎగశ్వాసతో ఎగసిపడే ఆ ఛాతీ, శిష్యుడు పాట అందుకున్నాడని తెలిసి తేటపడే ఆ చూపు సోమయాజులువి. గాయకుడికి దక్కిన పురస్కారంలో సగం బరువును మోసింది ఆ చూపే. పాడని మనిషి పాటగాడిగా బతకడాన్ని నటన అనకపోతే, ఇక నటన అన్న విభాగం ఎందుకు?

నిగ్రహాన్ని నటనగా లెక్కించని ఈ ధోరణి ఆనాటితో ఆగలేదన్నదే మా ఆందోళన. కన్నీళ్లు, కేకలు, పాత్ర కోసం మార్చుకున్న శరీరాలు నిర్ణేతల కంటికి తేలిగ్గా ఆనుతున్నాయి. మౌనంగా పాత్రలో ఒదిగిపోయినవారిని చూసి 'ఆయన సహజంగానే అంత' అని సరిపెట్టుకుంటున్నారు. సోమయాజులు విషయంలో జరిగిందే ప్రమాణమైతే, రేపు మరో ప్రశాంత నటుడి శ్రమ కూడా గాయకుడి ఖాతాలోనో దర్శకుడి ఖాతాలోనో జమవుతుంది.

సోమయాజులు 2004లో కన్నుమూశారు. ఆయనకు జరిగిన లోటును ఇప్పుడెవరూ పూడ్చలేరు. కనీసం ఇకముందైనా, ఒక చిత్రంలో పాటకు, సంగీతానికి, చిత్రానికి పట్టం కట్టే నిర్ణేతలు ఆ పాటను తెరపై మోసిన నటుణ్ణి ఎందుకు పక్కన పెట్టారో రాతపూర్వకంగా చెప్పి తీరాలి. ఆ మాత్రం జవాబుదారీతనానికి సిద్ధపడనివారు ఆ కుర్చీల్లో కూర్చోవద్దు.