వలస పోయే మనిషికి రోజువారీ మాత్ర ఏం సాయం చేస్తుంది?

ఓపియాయిడ్ వ్యసనం, అంటే హెరాయిన్ లాంటి నల్లమందు జాతి మందులకు అలవాటు పడటం, అనగానే మనకు పంజాబ్ గుర్తొస్తుంది. ఉత్తరాంధ్రలో మత్తు గురించి మాట్లాడితే మాట గంజాయి దగ్గరే ఆగిపోతుంది. ఇచ్ఛాపురం దగ్గర ఎన్ని కిలోలు దొరికాయి, మత్తు నిరోధక పోలీసుల ఈగల్ బృందం ఎవరిని పట్టుకుంది అన్నది పెద్ద వార్త. ఇదే జాతికి చెందిన నొప్పి మాత్రలు, పెంటజోసిన్ అనే నొప్పి సూదుల సంగతి లోపలి పేజీలో నాలుగు లైన్లు. 2019లో ఎయిమ్స్ నిపుణులు కేంద్రానికి ఇచ్చిన సర్వే నివేదిక చూస్తే, దేశంలో ఓపియాయిడ్ల బారిన పడి సతమతమవుతున్నవారిలో సగానికి పైగా కొద్ది రాష్ట్రాల్లోనే ఉన్నారు. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ పేరుంది. ఇది మన ఇంటి సమస్య.

దీనికి మందు లేదా అంటే ఉంది. బ్యూప్రెనార్ఫిన్. హెరాయిన్, ట్రమడాల్ అనే నొప్పి మాత్ర మెదడులో ఎక్కడ పనిచేస్తాయో ఇదీ అక్కడే పట్టుకుంటుంది. కానీ దాని ప్రభావం ఒక స్థాయి దగ్గర ఆగిపోతుంది. ఒళ్లు నొప్పులు, విరేచనాలు, నిద్ర పట్టని రాత్రులు, మళ్లీ మత్తు కోసం పరుగు, వీటన్నిటినీ అదుపులో పెడుతుంది. మన దేశంలో సర్కారు కేంద్రాల్లో దీన్ని నాలుక కింద పెట్టుకునే మాత్రగా ఇస్తారు. మామూలుగా రోజూ వెళ్లాలి, సిబ్బంది కళ్లెదుటే వేసుకోవాలి.

చిక్కంతా ఆ ‘రోజూ వెళ్లాలి’ దగ్గరే ఉంది.

ఎచ్చెర్ల మండలం తీరంలో ఒక తల్లి నన్నడిగిన మాట వదలకుండా వెంటాడుతోంది. కొడుకు వలలు లాగి లాగి భుజం పోయి, నొప్పికని మొదలుపెట్టిన బిళ్లలు మానలేకపోతున్నాడు. ‘‘ఈడు వీరావల్ ఎలిపోతే అక్కడ బిళ్లలెవులిత్తారు బాబూ?’’ అంది. నా దగ్గర జవాబు లేదు. మన జిల్లాల నుంచి వేల మంది గుజరాత్ తీరానికి వెళ్లి నెలల తరబడి అక్కడి బోట్ల మీదే బతుకుతారు. 2018లో పాకిస్తాన్ వాళ్లకు చిక్కి, 2020 జనవరిలో గానీ విడుదల కాని మన మత్స్యకారులు అలా వెళ్లినవాళ్లే. తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేశాక ఉద్దానం కుర్రాళ్లలో ఎంతోమంది భవన నిర్మాణ పనులకు ఊళ్లు పట్టారు. ఒకసారి బోటు సముద్రంలోకి వెళ్తే ఒడ్డుకు రావడానికి రోజులు పడుతుంది. అలాంటి మనిషికి రోజూ ఉదయం ఫలానా గది ముందు నిలబడమని చెప్పే చికిత్స, చికిత్స ఇవ్వకపోవడంతో సమానం.

అందుకే దీర్ఘకాలం పనిచేసే మందుల గురించి గట్టిగా మాట్లాడాల్సిన సమయమిది. అమెరికాలో 2016 మేలో ప్రోబుఫిన్ అనే ఇంప్లాంట్‌కు అనుమతి వచ్చింది. అగ్గిపుల్ల కంటే పొట్టిగా, 26 మిల్లీమీటర్ల పొడవు, రెండున్నర మిల్లీమీటర్ల మందంతో నాలుగు కడ్డీలు. జబ్బకు లోపలి వైపు నొప్పి తెలియకుండా మొద్దుబారే సూది వేసి, చిన్న గాటు పెట్టి, చర్మం కింద విసనకర్ర ఆకారంలో పరుస్తారు. కుట్టు కూడా అక్కర్లేదు, అతుకు పట్టీ వేస్తే చాలు. ఆరు నెలలు మందు సన్నగా ఒంట్లోకి దిగుతూ ఉంటుంది. తర్వాత తీసేసి, కావాలంటే రెండో చేతికి పెడతారు. అదే ఏడాది ‘జామా’ వైద్య పత్రికలో వచ్చిన పరీక్షలో, అప్పటికే మాత్రలతో కుదుటపడిన 177 మందిని రెండు జట్లుగా చేసి ఆరు నెలలు చూశారు. ఆ ఆరు నెలల్లో ఒక్కసారి కూడా చాటుమాటు ఓపియాయిడ్ల జోలికి పోనివారు ఇంప్లాంట్ జట్టులో 85.7 శాతం, మాత్రల జట్టులో 71.9 శాతం. వాళ్లంతా క్లినిక్‌కు రాగలిగిన మనుషులు. రాలేని మనుషుల్లో ఆ తేడా ఇంకా పెరుగుతుందనే నా నమ్మకం.

ఇది మొదటి రోజే పెట్టేది కాదు. మూడు నెలలైనా మాత్రల మీద, అదీ తక్కువ మోతాదులో, నిలకడగా ఉన్నవారికే. అంతవరకు నెలకోసారి ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ ఇంజెక్షన్ ఉంది, అమెరికాలో 2017లోనే అనుమతి పొందింది. మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ గర్భనిరోధక సూదిని మన ప్రభుత్వాసుపత్రులు ఇప్పటికే ఇస్తున్నాయి. నెల సూదిని ఇవ్వలేమని ఎవరైనా అంటే ఎలా నమ్మాలి?

ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగట్టడమే అనేవాళ్లున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే బ్యూప్రెనార్ఫిన్‌ను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది, ఆ వాదన అక్కడితో సరి. ఖరీదు అంటారా, అది నిజమైన అభ్యంతరమే. అమెరికాలో ఆరు నెలల ఇంప్లాంట్ ధర 4,950 డాలర్లు ఉండేది, అప్పటి లెక్కలో 3 లక్షల రూపాయల పైమాటే. వ్యాపారం గిట్టక 2020లో కంపెనీ అక్కడ అమ్మకమే ఆపేసింది. కానీ మందు పాతది, దాన్ని కడ్డీలో ఇమిడ్చే పనితనమే కొత్తది. రణస్థలం మండలం పైడిభీమవరంలో ప్రపంచానికి మందులు తయారవుతున్నాయి. ఆ వాసన, ఆ నీళ్లు భరిస్తున్నది శ్రీకాకుళం జిల్లా. ఈ జిల్లా మనిషికి కావలసిన మందును చౌకగా తయారు చేయించమని అడిగే హక్కు మనకు లేదా?

కిడ్నీ జబ్బుతో నలిగిపోతున్న ఉద్దానం గురించి ఒక్క మాట విడిగా చెప్పాలి. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో ట్రమడాల్ బయటకు పోక ఒంట్లో పేరుకుంటుంది. బ్యూప్రెనార్ఫిన్‌ను ప్రధానంగా కాలేయం చూసుకుంటుంది, అందుకే కిడ్నీ రోగుల విషయంలో వైద్యులు దీన్ని కాస్త భద్రమైన మందుగా చూస్తారు. సారాతో కాలేయం చెడినవారికి మాత్రం జాగ్రత్త తప్పదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి కట్టుకున్నాం. అక్కడికి వచ్చే ప్రతి రోగినీ ‘నొప్పికి ఏం వాడుతున్నావు, ఎన్నాళ్లుగా’ అని అడగడానికి ఖర్చేమీ కాదు.

అసలు నా బాధ ఒక్క వ్యసనం గురించే కాదు. మన వైద్య వ్యవస్థ మొత్తం మనిషి ఉన్నచోటే ఉంటాడనే లెక్క మీద నడుస్తోంది. టీబీ మందులు, బీపీ మందులు, డయాలసిస్, అన్నీ అంతే. సిక్కోలు బతుకు ఆ లెక్కలో పట్టదు. ఇక్కడ వలస ఒక తరం కష్టం కాదు, మూడు తరాల జీవనం. బియ్యం విషయంలో ప్రభుత్వాలు ఈ సంగతి గుర్తించాయి. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య, అలాగే గుజరాత్, మహారాష్ట్రల మధ్య కదా, కార్డు ఎక్కడిదైనా రేషన్ ఇవ్వడం మొదలైంది! బియ్యానికి చేసింది మందుకు ఎందుకు చేయరు? శ్రీకాకుళంలో సూది వేయించుకున్న మనిషికి తర్వాతి నెల సూది వీరావల్‌లో, చెన్నైలో, భువనేశ్వర్‌లో దొరకాలి. కార్డు చూపిస్తే చాలు, ‘మీది ఏ ఊరు’ అనే ప్రశ్నే ఉండకూడదు.

దీనికి సమయం కూడా మన చేతిలోనే ఉంది. జూన్, జూలైలో పశ్చిమ తీరంలో వేట నిషేధం. అప్పుడు మనవాళ్లు ఇళ్ల దగ్గరుంటారు. ఎచ్చెర్ల, గార, సోంపేట, భోగాపురం, పూసపాటిరేగ సర్కారు ఆసుపత్రుల్లో ఆ రెండు నెలలూ నొప్పి మాత్రల అలవాటుపై పరీక్షలు పెట్టాలి. అవసరమైనవారికి మాత్రలతో మొదలుపెట్టి, ఊరు కదిలేలోపు నెల సూది వేసి పంపాలి. పై ఏడాది నిలకడగా తిరిగొచ్చినవారికి ఇంప్లాంట్ పెట్టాలి. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, విజయనగరంలో 2023లోనే మొదలైంది. గాటు పెట్టడం, తీయడం నేర్చుకున్న ఇద్దరు ముగ్గురు డాక్టర్లు చాలు. గుజరాత్ ఆరోగ్య శాఖతో ఒప్పందం కోసం మన ఆరోగ్య శాఖ ఇప్పుడే ఉత్తరం రాస్తే, వచ్చే సీజన్‌కు వీరావల్ వెళ్లే బస్సు ఎక్కేలోపు ఆ తల్లికి జవాబు చెప్పగలం.