యోసేపు పెట్టిన పేరు

క్రిస్మస్ నెల వచ్చింది. ఊరూరా మందిరాల్లో పిల్లలు నాటిక నేర్చుకుంటున్నారు. తలకు తువ్వాలు చుట్టుకుని, గడ్డం అతికించుకుని, చేతికర్రతో మరియ పక్కన నిలబడే కుర్రవాడికి ఆ నాటికలో మాటలు దాదాపు ఉండవు. పాటలన్నీ తల్లీబిడ్డల మీద, గొల్లల మీద, తూర్పు దేశపు జ్ఞానుల మీద. మత్తయి సువార్త మాత్రం ఆ మౌనినే కథకు నడుమ నిలబెట్టింది. తనకు పుట్టని బిడ్డ అని తెలిసీ, లోకం ఏమంటుందో తెలిసీ, ఆ బిడ్డకు పేరు పెట్టినవాడు యోసేపు. పేరు పెట్టడమంటే ఈ బిడ్డకు తండ్రిని నేనని నలుగురిలో ఒప్పుకోవడమే. యేసును దావీదు కుమారుడని పిలవడానికి మత్తయి చూపిన వంశావళి ఆ వడ్రంగిదే. క్రైస్తవ విశ్వాసపు గుమ్మంలోనే ఒక దత్తత ఉందన్నమాట. అలాంటి విశ్వాసం తెలుగునాట దిక్కులేని పిల్లల విషయంలో ఆశ్రమం దగ్గరే ఆగిపోయిందనీ, అక్కడి నుంచి ఇంటిదాకా రావలసి ఉందనీ మా అభిప్రాయం.

ఈ నెలలో అనాథాశ్రమాలకు వచ్చే అతిథులు ఎక్కువ. కేకులు వస్తాయి, దుప్పట్లు వస్తాయి. పిల్లలు ఎత్తు ప్రకారం వరుసకట్టి రెండు పాటలు పాడతారు, ఫోటోలు దిగుతారు. సాయంత్రానికి కార్లు వెళ్ళిపోతాయి. ఇచ్చినవారి మనసు మంచిదే, సందేహం లేదు. అయితే అలాంటి హోమ్‌కు ఎప్పుడైనా వెళ్ళినవారు ఒక సంగతి గమనించే ఉంటారు. లోపల అడుగుపెట్టగానే మూడేళ్ళ పసివాడు పరుగున వచ్చి, ముఖమైనా చూడకుండా కొత్త మనిషి వేలు పట్టుకుని 'అమ్మా' అంటాడు. ఆ పిలుపు విని మురిసిపోయేవారున్నారు. మురిసిపోవలసిన సంగతి కాదది. సొంత తల్లి ఉన్న మూడేళ్ళ బిడ్డ కొత్తవారిని చూస్తే ఆమె కొంగు చాటుకు వెళ్తాడు. ఎవరు వచ్చినా అమ్మా అంటున్నాడంటే, అమ్మ అంటే ఎవరో వాడికి ఇంకా తెలియలేదని అర్థం. హాలులో వరుసగా పేర్చిన ట్రంకుపెట్టెలు, వాటి మీద తెల్ల రంగుతో వేసిన అంకెలు, వేళకు మోగే గంట, వేళకు పెట్టే అన్నం: వీటిలో ఏదీ ఆ ఒక్క మనిషికి సాటి రాదు. ఎంత దయగల వార్డెన్ అయినా నలభై మందికి తల్లి కాలేదు.

మిషన్లు పిల్లలను ఉంచుకుని చదివించిన బోర్డింగుల చరిత్రను చిన్నబుచ్చడం మా ఉద్దేశం కాదు. 1876-78 నాటి ధాత కరువు మొదలుకొని తెలుగు జిల్లాల్లో మిషన్లు చేరదీసిన పిల్లలకు లెక్కలేదు. ఊరి బడి గడప తొక్కనివ్వని కులాల పిల్లలు బోర్డింగులో చదువుకుని ఉపాధ్యాయులయ్యారు, నర్సులయ్యారు. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో 'మా తాత బోర్డింగులో చదివాడు' అని గర్వంగా చెప్పుకోని ఇల్లు అరుదు. 1896-97 కరువులో సంఘ సంస్కర్త పండిత రమాబాయి ఎందరో ఆడపిల్లలను పుణె దగ్గరి కేడ్‌గావ్‌కు తెచ్చి ముక్తి సదనంలో నిలబెట్టింది. తిరునెల్వేలి సీమలోని దోనావూరులో 1901 నుంచి, గుడికి అప్పగించబోయిన ఆడపిల్లలకు మిషనరీ ఎమీ కార్మైకేల్ అమ్మ అయింది. 1951లో కన్నుమూసేదాకా ఆమె ఆ పిల్లలను విడిచి స్వదేశానికి వెళ్ళలేదు. నాటి కాలానికి అంతకు మించిన దారి లేదు. దత్తత చేసుకుందామన్నా క్రైస్తవులకు చట్టం లేదు.

ఆ లోటు ఎంతకాలం సాగిందో నేటి తరానికి తెలియదు. 1956 నాటి దత్తత చట్టం హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు వర్తించింది. క్రైస్తవ దంపతులు బిడ్డను ఇంటికి తెచ్చుకోవాలంటే 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టుకు వెళ్ళి 'గార్డియన్' అనిపించుకోవాలి. గుండెల మీద పెంచిన బిడ్డ కాగితాల్లో 'వార్డు', అంటే సంరక్షణలో ఉన్న మైనరు మాత్రమే. బిడ్డ మైనరు వయసు దాటగానే ఆ బంధం కూడా చట్టం దృష్టిలో తీరిపోయేది. అందరికీ వర్తించే దత్తత బిల్లు 1972లో పార్లమెంటు ముందుకు వచ్చి చట్టం కాలేదు. 1980లో వచ్చినదీ అంతే. చివరికి 2000 నాటి బాలల న్యాయ చట్టం తలుపు తెరిచింది. 2006 సవరణ దాన్ని ఇంకాస్త బార్లా తీసింది. ఏ మతంవారైనా ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. 2015 చట్టంలోని 63వ సెక్షన్ ప్రకారం దత్తత ఉత్తర్వు వెలువడిన క్షణం నుంచి ఆ బిడ్డ కడుపున పుట్టిన బిడ్డే, ఆస్తి హక్కుతో సహా. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వు కోసం కోర్టుకు కూడా వెళ్ళనక్కర్లేదు, కలెక్టరే ఇస్తారు.

అయినా నేటికీ పాస్టరుగారి ఎదుట ప్రార్థన చేయించుకుని, నోటరీ కాగితం మీద సంతకాలు పెట్టుకుని, బిడ్డను తెచ్చుకునేవారు ఉన్నారు. ఆస్పత్రి ఆయా చెప్పిందని, దూరపు బంధువు చూపించాడని తెచ్చుకుంటారు. ప్రేమకు లోటు ఉండదు, కాగితానికి మాత్రం విలువ ఉండదు. 2024 మే నెలలో రాచకొండ పోలీసులు పసిపిల్లలను అమ్మే ముఠాను పట్టుకుని, కొనుక్కున్నవారి ఇళ్ళ నుంచి పదిమందికి పైగా పిల్లలను వెనక్కి తెచ్చినప్పుడు, పెంచుకున్న తల్లులు గుండెలు బాదుకుంటూ ఏడ్చిన దృశ్యం రెండు రాష్ట్రాలూ చూశాయి. ఆ తల్లుల దుఃఖం నిజమైనదే. ఆ పిల్లలను కన్న తల్లుల దగ్గర ఏ ధరకు కొన్నారన్నదీ అంతే నిజం. చట్టానికి బయట దత్తత తీసుకుంటే మూడేళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు. అమ్మినవారికీ కొన్నవారికీ అయిదేళ్ళు.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. 1999లో, మళ్ళీ 2001లో, లంబాడా తండాల నుంచి ఆడశిశువులను కొన్ని వేల రూపాయలకు కొని, విదేశీ దత్తతల పేరిట భారీ రుసుములు పిండుకున్న బాగోతం బయటపడింది. అందులో క్రీస్తు పేరు బోర్డు మీద రాసుకున్న హోమ్‌లూ ఉన్నాయి. చివరికి తల్లిదండ్రులు పిల్లలను సంస్థలకు అప్పగించే పద్ధతినే నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లో నిషేధించవలసి వచ్చింది. దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను వారి ఇబ్బందిలో పరామర్శించడమే నిష్కళంకమైన భక్తి అని యాకోబు పత్రిక చెబుతుంది. పరామర్శకు ధర కట్టినవారు పిల్లలకే కాదు, ఆ విశ్వాసానికీ ద్రోహం చేశారు. అందుకే మా మాట కచ్చితమైనది: చట్టం నిర్ణయించిన రుసుము తప్ప, రశీదు ఇవ్వకుండా 'కానుక' అని ఒక్క రూపాయి అడిగినా, ఆ సంస్థ గోడ మీద ఏ వాక్యం రాసి ఉన్నా, అక్కడి నుంచి లేచి వచ్చేయాలి.

మరి బిడ్డను వదిలిన తల్లి సంగతి? తుప్పల్లో పసికందు దొరికిన మర్నాడు 'కసాయి తల్లి' అని శీర్షిక పెట్టడం పత్రికల్లో, చానళ్ళలో పరిపాటి అయింది. ఆ తల్లి వయసెంతో, ఆమెను మోసగించినవాడు ఎవరో, రాత్రి ఏ గోడ వెనక ఒంటరిగా కన్నదో ఆ శీర్షికకు పట్టదు. బిడ్డను పెంచలేని తల్లి, ఇలాంటి పిల్లల విషయం చట్టప్రకారం తేల్చే బాలల సంక్షేమ సమితి ముందు అప్పగించవచ్చు. ఆమెపై కేసు ఉండదు, పేరు బయటికి రాదు. మనసు మారితే వెనక్కి తీసుకోవడానికి 60 రోజుల గడువూ ఉంది. ఈ మాట తెలిసిన ఆడపిల్లలు ఎంతమంది? క్రైస్తవ సంఘాల పాత్ర ఇక్కడే మొదలుకావాలి. పెళ్ళికాకుండా గర్భం దాల్చిన అమ్మాయిని ప్రభు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకు, దూరం పెట్టి, తల్లిదండ్రులను అందరి ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించే సంఘం, ఆ బిడ్డ తుప్పల్లో దొరికినప్పుడు కన్నీరు పెడితే సరిపోదు. ఆమె నిర్భయంగా వచ్చి తలుపు తట్టగలిగే ఒక్క ఇల్లు, ఒక్క పాస్టరమ్మగారు ఆ సంఘంలో ఉంటే, బిడ్డకు కుక్కల నోటి ముప్పు ఉండదు. పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోన్ నంబరును మందిరం గోడ మీద రాయించడానికి ఖర్చు ఎంత?

తీసుకునేవారు లేక కాదు. దేశంలో దత్తత కోసం పేరు నమోదు చేసుకుని ఎదురుచూస్తున్న కుటుంబాలు 30 వేలకు పైనే. చట్టప్రకారం దత్తతకు సిద్ధంగా ఉన్న పిల్లలు అందులో పదో వంతు కూడా లేరు. 2024-25లో దేశం మొత్తం మీద జరిగిన దత్తతలు 4,515. అందరూ అడిగేది నెలల పసికందును, ఆరోగ్యంగా ఉన్నదాన్ని, వీలైతే తెల్లగా ఉన్నదాన్ని. ఏడేళ్ళ పిల్లవాడు, విడదీయకూడని అక్కాతమ్ముళ్ళు, గుండెలో రంధ్రం ఉన్న పాప, చూపు మందగించిన బాబు ఫోటోలు కంప్యూటర్ తెరపై ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతాయి. వారిలో కొందరిని సముద్రాలు దాటి వచ్చినవారు తీసుకుపోతారు. ఇద్దరు పిల్లలున్న దంపతులకు కూడా చట్టం ఒక దారి ఉంచింది. వారికి ఇచ్చేది సరిగ్గా ఇలాంటి పిల్లలనే, తీసుకునేవారు దొరకని పిల్లలనే. పిల్లలు లేని లోటు తీర్చుకోవడానికి దత్తత తీసుకోవడంలో తప్పులేదు, అది సహజం. కానీ ఇల్లు నిండుగా ఉన్నవారు, బల్ల దగ్గర ఇంకొక పళ్ళెం పెట్టుకుందామనుకున్నవారు, ఈ పిల్లల కోసం ముందుకు రావడం కేవలం సంతానకాంక్షతో జరగదు. దానికి వేరే బలం కావాలి. 'నా తలిదండ్రులు నన్ను విడిచినను యెహోవా నన్ను చేరదీయును' అని కీర్తన పాడేవారికి ఆ బలం ఉండాలని ఆశించడం అత్యాశ కాదు.

2015లో కొత్త నిబంధనలు వచ్చినప్పుడు, ఒంటరి వ్యక్తులకు పిల్లలను ఇవ్వడం తమ విశ్వాసానికి సరిపడదంటూ మదర్ థెరిసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీ దత్తత కేంద్రాల గుర్తింపును వదులుకుంది. అంతకుముందు దశాబ్దాలలో ఎందరో పిల్లలను ఇళ్ళకు చేర్చిన చేతులవి. మనస్సాక్షిని గౌరవిస్తాం, నిర్ణయాన్ని సమర్థించలేం. అవివాహితగానో, భర్త పోయిన తరువాతో ఒక బిడ్డను తెచ్చుకుని, స్కూలు ఫీజు దగ్గర నుంచి జ్వరం రాత్రుల దాకా ఒక్కతే మోసే స్త్రీలు మన మధ్య ఉన్నారు. రమాబాయి ఒంటరి తల్లి. కార్మైకేల్ పెళ్ళే చేసుకోలేదు.

బిడ్డ ఇంటికి వచ్చాక సంఘం చేయవలసినదీ ఉంది, చేయకూడనిదీ ఉంది. ఆదివారం ఆరాధనలో బిడ్డను ప్రతిష్ఠ చేయించడం, నలుగురూ వచ్చి ఎత్తుకోవడం, తల్లికి ఒక పూట నిద్ర దొరికేలా చూడడం ఎంత అందమైన పనులు! పెద్దవయసులో వచ్చిన పిల్లవాడు అన్నం దాచుకుంటాడు, రాత్రులు ఉలిక్కిపడి లేస్తాడు, అలిగి 'మీరు మా అమ్మానాన్నలు కారు' అంటాడు. ఆ మొదటి ఏడాది ఆ దంపతులకు తోడు కావాలి. కానీ 'ఈ పాప చెత్తకుండీలో దొరికింది, ప్రభువు మా ఇంటికి పంపాడు' అని కూటాల్లో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పించడం మాత్రం మానాలి. పుట్టుక కథ ఆ బిడ్డది. తల్లిదండ్రులు ఇంట్లో, ప్రేమగా, వయసుకు తగ్గట్టు చెప్పవలసినది. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో పెరిగాక ఆ బిడ్డ నిర్ణయించుకోవలసినది. పదేళ్ళ వయసులో వేదిక మీద నిలబడి తన అనాథతనాన్ని వింటున్న పిల్ల ముఖం చూసినవారెవరూ ఆ మైకు మళ్ళీ పట్టుకోరు.

ప్రభుత్వాల బాధ్యత తక్కువేమీ కాదు. హోమ్‌లలో ఉన్నవారిలో ఏళ్ళ తరబడి ఒక్క బంధువూ చూడడానికి రాని పిల్లలు ఎందరో ఉన్నారు. విచారణ జరిపి, దత్తతకు అర్హులని సమితి ప్రకటిస్తే తప్ప వారి పేరు జాబితాకు ఎక్కదు. అలాంటి పిల్లలను గుర్తించడానికి రెండు నెలలకోసారి ప్రత్యేక కార్యక్రమం జరపాలని, ప్రతి జిల్లాలో దత్తత సంస్థ ఉండాలని 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కార్యక్రమం ఏ జిల్లాలో ఎన్నిసార్లు జరిగిందో, ఎంతమంది పిల్లల పేర్లు జాబితాకు ఎక్కాయో రెండు రాష్ట్రాల శిశు సంక్షేమ శాఖలు ప్రజల ముందు పెట్టాలి. రెండేళ్ళ లోపు బిడ్డ విషయం రెండు నెలల్లో, ఆ పై వయసువారి విషయం నాలుగు నెలల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది. సమితుల్లో ఖాళీలు ఉంచి ఆ గడువు దాటించడమంటే, ఒక బిడ్డ ఒళ్ళో గడపవలసిన నెలలను హాలులో గడిపించడమే.

హోమ్‌లు నడిపే సంఘాలు, బిషప్‌ల కింద ఉండే డయోసిస్‌లు ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కర్లేదు. తమ రిజిస్టరు తెరిచి, ఏడాదిగా ఎవరూ చూడడానికి రాని పిల్లల పేర్లు విడిగా రాసి, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఈ నెలలోనే అందజేయవచ్చు. పిల్లల సంఖ్య తగ్గితే దాతలు తగ్గుతారన్న భయం కొందరు నిర్వాహకులకు ఉందని మాకు తెలుసు. హోమ్ ఖాళీ అయితే ఆ భవనం బడికి పనికివస్తుంది, ఆస్పత్రికి పనికివస్తుంది. ముందు ఆ జాబితా బయటికి రావాలి.