సూడాన్‌లో పొయ్యి వెలిగించిన బ్యాంకు యాప్

యుద్ధం నడిచే దేశానికి ప్రైవేటు కంపెనీలు చేసే సాయం అనగానే విరాళాల లెక్కలే ముందుకొస్తాయి. సూడాన్ అనుభవం చూస్తే ఆ లెక్క చాలదనిపిస్తుంది. జనరల్ బుర్హాన్ నడిపే దేశ సైన్యానికీ, హెమెద్తీ నడిపే పారామిలిటరీ దళం ఆర్‌ఎస్‌ఎఫ్‌కూ మధ్య 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలైంది. కోటిమందికి పైగా ఇళ్లు వదిలి పోయారు. 2024 ఆగస్టులో పడమటి ప్రాంతమైన డార్ఫర్‌లో, నిర్వాసితులుండే జమ్‌జమ్ శిబిరంలో కరువు ఉందని నిపుణులు నిర్ధారించారు. ఇంత విపత్తులో జనాన్ని ఆదుకున్న వాటిలో బ్యాంక్ ఆఫ్ ఖార్టూమ్ వారి బంకక్ యాప్ ఒకటి.

బ్యాంకులు మూతపడి నగదు కరువైనప్పుడు బయటి దేశాల్లోని సూడానీలు పంపిన డబ్బు ఎక్కువగా ఈ యాప్‌ మీదుగానే ఇళ్లకు చేరింది. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బుతో ఇల్లు గడిచిన కరీంనగర్, కడప కుటుంబాలకు దాని విలువ ఒకరు చెప్పక్కర్లేదు. ‘ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్’ పేరుతో ఊళ్లలో యువతీయువకులు కలిసి పెట్టిన వంటశాలలకూ విరాళాలు ఇలాగే అందేవి. ఆ డబ్బుతో పప్పూ బీన్సూ కొని ఎవరొస్తే వాళ్లకు పెట్టేవారు. ఐరాస లారీలు చెక్‌పోస్టుల దగ్గర ఆగిపోయినా ఆ పొయ్యిలు ఆరలేదు.

2024 ఫిబ్రవరిలో దేశంలో చాలాచోట్ల మొబైల్ నెట్‌వర్క్ పోయింది. డబ్బు రాక రాజధాని ఖార్టూమ్‌లో ఎన్నో వంటశాలలు ఆగిపోయాయి. సిగ్నల్ లేకపోతే అన్నం లేదు, అంత నేరుగా ఉంది ఆ సంబంధం. తర్వాత శాటిలైట్ డిష్‌లు వచ్చాయి, కానీ వాటిలో చాలా సాయుధుల చేతుల్లోకే పోయి, ఇంటర్నెట్‌కు గంటల లెక్కన డబ్బు కట్టాల్సి వచ్చింది. 2025 మొదట్లో అమెరికా నిధులు ఆపేశాక మళ్లీ వందలాది వంటశాలలు మూతపడ్డాయి.

ఫ్యాక్టరీ కూడా సాయమే. సూడాన్‌లో తీవ్ర పోషకాహార లోపంతో బలహీనమైన పిల్లలకు ఇచ్చే పోషక పేస్టులో 60 శాతం ఖార్టూమ్‌లోని ఒకే కర్మాగారం తయారుచేసేది. యుద్ధం మొదలైన కొన్ని వారాలకే అది తగలబడింది. విరాళాల డబ్బు ఉన్నా అంత సరుకు రాత్రికి రాత్రి ఎక్కడ దొరుకుతుంది? అందుకే ఇలాంటి కర్మాగారాలకూ, టెలికాం టవర్లకూ ఆసుపత్రులకు అడిగినట్టే రక్షణ అడగాలి.

విదేశీ కంపెనీలను మాత్రం గట్టిగా నిలదీయాలి. కూల్‌డ్రింకుల్లో, చాక్లెట్లలో వాడే గమ్ అరబిక్, అంటే తుమ్మ జాతి చెట్ల జిగురు, ప్రపంచానికి ఎక్కువగా సూడాన్ నుంచే వస్తుంది. దాన్ని సేకరించే కొర్డోఫాన్, డార్ఫర్ పల్లెలే ఇప్పుడు నలిగిపోతున్నాయి. సరుకు దాటే దారుల్లో సాయుధులు వసూళ్లు చేస్తున్నారు. 1997లో సూడాన్‌పై ఆంక్షలు పెట్టిన అమెరికా, కంపెనీల ఒత్తిడితో ఈ జిగురును మినహాయించింది. తమ సరుకు కోసం ప్రభుత్వాన్నే ఒప్పించగలిగిన కంపెనీలు ఏ బస్తా ఎవరి చేతులు మారి వచ్చిందో ఇప్పుడు బయటపెట్టాలి, ఆ పల్లెల వంటశాలలకు నెలనెలా డబ్బు పంపాలి.