ఎంజైము ఎక్కిస్తే సరిపోతుందా?

(వేదిక మీద ఇద్దరు: జీవరసాయన శాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు, ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న పిల్లల డాక్టరు. విషయం: లైసోజోమ్ నిల్వ వ్యాధులకు, లోపించిన ఎంజైమును బయటి నుంచి ఎక్కించాలంటూ అమెరికన్ వైద్య శాస్త్రవేత్త రాస్కో బ్రేడీ వేసిన దారి సరైనదేనా?)

మాస్టారు: ముందు ఆయన ఏం చేశాడో చెప్పనీ అమ్మా. కణంలో పనికిరానిదాన్ని అరిగించే చోటు లైసోజోమ్. అక్కడ ఒక ఎంజైము లోపిస్తే అది అరిగించాల్సిన సరుకు పేరుకుపోతుంది. అలాంటి నిల్వ వ్యాధుల్లో ఒకటైన గౌచర్ వ్యాధిలో పేరుకునేది గ్లూకోసెరెబ్రోసైడ్ అనే కొవ్వు. ప్లీహం, కాలేయం ఉబ్బుతాయి, ఎముకలు దెబ్బతింటాయి. ఆ కొవ్వు ఎక్కువ తయారవడం వల్ల కాదు, విరగకపోవడం వల్లే పేరుకుంటోందని బ్రేడీ బృందం 1965 నాటికి తేల్చింది.

డాక్టరు: కారణం కనిపెట్టినందుకు నాకేం పేచీ లేదు మాస్టారూ. మందు సంగతికి రండి. కాన్పు మాయ నుంచి తీసిన ఎంజైమును ఇద్దరు రోగులకు ఎక్కించి, ఫలితం ప్రచురించింది 1974లో. మందుకు అమెరికాలో అనుమతి దొరికింది 1991లో. పదిహేడేళ్లు!

మాస్టారు: అసలు కథంతా ఆ పదిహేడేళ్లలోనే ఉంది. గౌచర్‌లో కొవ్వుతో నిండేవి మాక్రోఫేజ్‌లు, అంటే ఒంట్లోని చెత్తను మింగే కణాలు. ఎక్కించిన ఎంజైములో చాలా భాగం వాటికి అందకుండా వేరే కాలేయ కణాల్లోకి పోయేది. మాక్రోఫేజ్‌ల ఒంటి మీద మానోస్ అనే చక్కెరను పట్టుకునే గ్రాహకాలుంటాయి. అందుకని ఎంజైముకు వేలాడే చక్కెర గొలుసుల కొసలను వరసగా కత్తిరించి, లోపలున్న మానోస్‌ను బయటపెట్టారు. ఇక మాక్రోఫేజ్‌లే దాన్ని పట్టి లోపలికి లాక్కున్నాయి. 1991లో ప్రచురించిన పరీక్షలో 12 మంది. ప్లీహాలు చిన్నవయ్యాయి, రక్తహీనత తగ్గింది.

డాక్టరు: గౌచర్‌లో అదృష్టం కలిసొచ్చింది. జబ్బుపడ్డ కణమే దొరికినదాన్నల్లా మింగే కణం! పాంపే అనే మరో నిల్వ వ్యాధిలో మందు కండరాలకు చేరాలి. కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు పోస్తున్నాం. గౌచర్‌కు గట్టి మోతాదైనా ఒకటిన్నర మిల్లీగ్రాములే. రెండు వారాలకోసారి, బతికినన్నాళ్లూ. పుట్టుకతోనే ఆ ఎంజైము బొత్తిగా లేని పిల్లల్లో, ఒళ్లు దాన్ని పరాయిదనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఇక మెదడు...

మాస్టారు: ఊఁ, చెప్పు.

డాక్టరు: రక్తానికీ మెదడుకీ మధ్యనున్న గోడను ఎక్కించిన ఎంజైము దాటదు. మెదడునూ దెబ్బతీసే గౌచర్ రెండో రకం ఉన్న పసిబిడ్డకు ప్లీహం తగ్గిందని నేను తల్లికి చెప్పగలను. మెదడు జబ్బు ఆగిందని చెప్పలేను. కుళాయి కట్టకుండా నీళ్లు తోడుతున్నాం. సరుకు తయారీనే తగ్గించే ఎలిగ్లుస్టాట్ అనే మందు 2014లోనే వచ్చింది కదా.

మాస్టారు: అది మాత్రం మెదడులో నిలుస్తుందా?

డాక్టరు: ...నిలవదు. గోడలోని పంపులు వెనక్కి నెట్టేస్తాయి.

మాస్టారు: మరి! గోడ దాటే తిప్పలు ఎంజైముతోనూ పడుతున్నారు. పిల్లల మెదడును దెబ్బతీసే సీఎల్‌ఎన్2 అనే బాటెన్ జబ్బుకు 2017 నుంచి ఎంజైమును నేరుగా మెదడు కుహరంలోకి పంపిస్తున్నారు. హంటర్ అనే మరో నిల్వ వ్యాధికి జపాన్ 2021లో అనుమతించిన మందైతే ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకునే గ్రాహకాన్ని పట్టుకుని, ఇనుము వెళ్లే దారిన గోడ దాటుతుంది.

డాక్టరు: తలలో పరికరం అమర్చాలి, ఇన్‌ఫెక్షన్ భయం వేరే. ధర మాటేమిటి? మాయల కరువు వల్ల ఖరీదన్నారు. 1994లో అదే ఎంజైమును పెంచిన కణాలతో చేయించడం మొదలయ్యాక కూడా ధర దిగిరాలేదే!

మాస్టారు: దానికి నా దగ్గర జవాబు లేదు. అది ప్రయోగశాలలో తేలే లెక్క కాదు.

డాక్టరు: అందుకే జన్యుచికిత్స వైపు చూడమంటున్నాను. మెదడును, నరాలను దెబ్బతీసే మెటాక్రోమాటిక్ ల్యూకోడిస్ట్రఫీ అనే నిల్వ వ్యాధికి దాన్ని 2020లో యూరప్ అనుమతించింది. బిడ్డ మూలకణాల్లోనే సరైన జన్యువు పెట్టి తిరిగి ఎక్కిస్తారు. వాటి సంతతి మెదడులో చేరి ఎంజైమును వదులుతుంది, పక్క కణాలు తీసుకుంటాయి.

మాస్టారు: చూశావా, చివరికి ఇచ్చేది ఎంజైమే!

డాక్టరు: పక్క కణం తీసుకుంటుందన్న సూత్రం శాస్త్రవేత్త ఎలిజబెత్ న్యూఫెల్డ్ బృందానిది. హర్లర్, హంటర్ అనే రెండు వేర్వేరు నిల్వ వ్యాధుల రోగుల కణాలు కలిపి పెంచితే ఒకదాన్నొకటి సరిచేసుకున్నాయని 1968లో చూపారు. పైగా ఇది ఒక్కసారి చేసే వైద్యం. లక్షణాలు ముదరకముందే చేయాలి, అంతే.

మాస్టారు: ముందే ఎలా తెలుస్తుంది?

డాక్టరు: పుట్టగానే మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో.

మాస్టారు: అందులో కొలిచేది ఎంజైమునే కదమ్మా?

డాక్టరు: ఈ ల్యూకోడిస్ట్రఫీలో ముందు కొలిచేది పేరుకున్న సల్ఫటైడ్ అనే కొవ్వును. ఎంజైము ఆ తర్వాతే. అన్నీ బ్రేడీ ఖాతాలో రాసేయకండి మాస్టారూ.