తప్పు చేసినవారిని బాధితుల ఎదుట కూర్చోబెట్టాలి

తిరుపతిలో ఓ విద్యార్థి బైకు పూలబండిని ఢీకొట్టిందనుకుందాం. తండ్రి స్టేషన్‌కు వచ్చి కొంత డబ్బు కడతాడు, రాజీ కాగితం మీద సంతకాలవుతాయి. రోజువడ్డీకి తెచ్చిన పెట్టుబడి ఆ పూలతోపాటే మట్టిపాలైందనీ, మర్నాడు అదే మలుపులో బండి పెట్టడానికి ఆ పూలమ్మే మహిళ భయపడుతోందనీ ఆ కుర్రవాడికి ఎవరూ చెప్పరు. ఇలాంటి చిన్న తగాదాల్లో బాధితుల మాట ముందు విని, తప్పు చేసినవారి చేతనే నష్టాన్ని సరిదిద్దించే పునరుద్ధరణ న్యాయాన్ని మన నగరం వార్డు స్థాయిలో అలవాటు చేసుకోవాలని కోరుతున్నాం.

కెనడాలోని ఎల్మీరాలో 1974లో ఇద్దరు యువకులు 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేస్తే, న్యాయమూర్తి వారిని బాధితుల ఇళ్లకు పంపించారు; వారు గడప గడపకూ వెళ్లి నష్టం తెలుసుకుని పరిహారం చెల్లించారు. తన మూలవాసులైన మావోరీల కుటుంబ సమావేశాల పద్ధతిని న్యూజిలాండ్ 1989లో బాలల చట్టంలోకి తెచ్చింది. ఇంగ్లండులోని హల్ నగరం పాఠశాలలు, పోలీసులు సహా ఈ బాట పట్టింది.

రచ్చబండ మనకూ ఉంది కదా అనేవారుంటారు. అక్కడే జాగ్రత్త పడాలి. కులపెద్దలు తీర్పు చెప్పి, బలహీనుల చేత తల ఊపించిన పంచాయితీలు ఈ జిల్లాల ప్రజలకు తెలియనివి కావు. ఇష్టపడి పెళ్లాడిన మేజర్ల విషయంలో అలాంటి పంచాయితీల జోక్యం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. బాధితులు వద్దంటే సమావేశమే జరగకూడదు; గృహహింస, లైంగిక నేరాలు, కుల దాడులు ఎన్నడూ ఈ సమావేశాల ముందుకు రాకూడదు. ఈ రెండు హద్దులూ లేకపోతే ఈ ప్రయత్నాన్ని మేమే ముందుగా వ్యతిరేకిస్తాం.

చట్టం ఆసరా కొంత ఉంది. ఇరుగుపొరుగు శాంతికి భంగం కలిగించే వివాదాలకు సామాజిక మధ్యవర్తిత్వాన్ని 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టం పేర్కొంది. కొన్ని చిన్న నేరాలకు సమాజసేవను శిక్షగా, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత గుర్తించింది. ఇక మనుషుల కొరత తిరుపతికి లేదు: ప్రజలకు న్యాయసహాయం అందేలా తోడ్పడే న్యాయసేవా సంస్థల పారాలీగల్ వాలంటీర్లు, పొదుపు సంఘాల మహిళలు, విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఉన్నారు. వారికి కావలసింది శిక్షణ, అన్నిటికంటే ముఖ్యంగా అడ్డు తగలకుండా వినే ఓర్పు.

నగరపాలక సంస్థ, పోలీసు శాఖ, న్యాయసేవాధికార సంస్థ కలిసి ముందు కొర్లగుంట, జీవకోన వంటి రెండు మూడు ప్రాంతాల్లో మొదలుపెట్టాలి. కూలీ పోగొట్టుకోకుండా రాగలిగేలా సమావేశాలు సాయంత్రాల్లో జరగాలి. ఇచ్చిన మాట నెరవేరిందో లేదో నెల తర్వాత ఆ పూలబండి దగ్గరికే వెళ్లి అడిగే బాధ్యతను పేరు పెట్టి ఒకరికి అప్పగించాలి.