ఫ్రెంచ్ మాట చివర ఒక్క 'ఈ' (e) అక్షరం: ఉంచాలా, తీసేయాలా?

(వసుధ ఫ్రెంచ్ టీచరు. తమ్ముడు కార్తీక్ ఫ్రెంచ్ బీ2 స్థాయి పరీక్షకు చదువుతున్నాడు. గొడవ రిఫ్లెక్సివ్ క్రియల, అంటే 'స' (తనను, తనకు) అనే సర్వనామంతో వచ్చే క్రియల, పాస్ట్ పార్టిసిపుల్ గురించి, అంటే జరిగిపోయిన పనిని చెప్పే రూపం గురించి.)

కార్తీక్: అక్కా, ఈ క్రియలన్నీ 'ఎత్ర్' (ఉండు) అనే సహాయక క్రియతోనే నడుస్తాయి. ఎత్ర్ ఉంటే పార్టిసిపుల్ కర్తను బట్టి మారాలని మొదట్లోనే నేర్పారు. తీరా చూస్తే, 'ఎల్ సె లవే', అంటే ఆవిడ స్నానం చేసింది, ఇక్కడ చివర స్త్రీలింగానికి ఇంకో 'ఈ' చేర్చాలట. 'ఎల్ సె లవే లే మ్యాఁ', చేతులు కడుక్కుంది, ఇక్కడ చేర్చకూడదట! కర్త అదే, క్రియ అదే.

వసుధ: చూడాల్సింది కర్తను కాదురా, కర్మను. మొదటి వాక్యంలో కడుక్కున్నది తనని. ఆ 'స' అనే సర్వనామమే కర్మ, క్రియకు ముందే ఉంది. రెండోదాంట్లో కర్మ చేతులు, అవి క్రియ తర్వాత వచ్చాయి. అదే 'లే మ్యాఁ కెల్ సె లవే', ఆవిడ కడుక్కున్న చేతులు, అని తిప్పి రాయి. ఫ్రెంచ్‌లో స్త్రీలింగ బహువచనమైన చేతులు ముందుకొచ్చాయి కాబట్టి 'ఈ', 'ఎస్' రెండూ పడతాయి. పైకి ఎత్ర్ ఉన్నా నడిపించేది 'అవ్వార్' (కలిగి ఉండు) అనే రెండో సహాయక క్రియ సూత్రమే: కర్మ ముందొస్తేనే మార్పు.

కార్తీక్: వినడానికి మూడూ 'లవే'నే! చెవికి అందని తేడాకి మార్కులు కోయడం అన్యాయం.

వసుధ: అందేవీ ఉన్నాయి. 'ఎల్ సె మీజ్ ఓ త్రవాయ్', పనిలోకి దిగింది. 'ఎల్ సె మీ ద్యు పర్‌ఫాఁ', సెంటు రాసుకుంది. మీజ్, మీ. ఒక దాంట్లో పెట్టుకున్నది తననే, రెండోదాంట్లో సెంటుని. ఆ తేడా నోట్లోనే పలుకుతోంది.

కార్తీక్: సెంటు అని చెప్పాక ఇంకా అయోమయం ఎక్కడుంది? పోనీ 'ఎవనుయీర్', స్పృహ తప్పడం, సంగతి చెప్పు. 'స' లేకుండా ఆ క్రియే లేదు. ఆ 'స' కర్మ కానే కాదు. అయినా కర్తతో కలపాలి. అదే కోవలోని 'సారోజే'కి, అంటే లేని హక్కును తనదనుకోవడానికి, మాత్రం మళ్లీ కర్మ సూత్రం!

వసుధ: అక్కడ నువ్వన్నది నిజమే. ఆ గుంపును బట్టీ పట్టాల్సిందే. అలాగని 'ఎల్ స సోఁ పర్లే', వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు, లాంటివాటినీ అందులో కలపకు. మాట్లాడేది ఒకరితో, ఆ క్రియకు 'ఆ' (à) అనే ప్రిపొజిషన్ కావాలి, కాబట్టి అక్కడ 'స' నేరు కర్మ కాదు. అందుకే ఎంతమంది ఆడవాళ్లున్నా మార్పు రాదు. ఇది తర్కమే.

కార్తీక్: అసలు ముందొచ్చిన కర్మ సూత్రాన్ని క్లెమాఁ మారో అనే కవి 16వ శతాబ్దంలో ఇటాలియన్‌ని చూసి సమర్థించాడు. 1990 ఫ్రెంచ్ స్పెల్లింగ్ సవరణల్లో 'లెసే' (వదిలేయడం) తర్వాత ఇన్ఫినిటివ్, అంటే ఇంకో క్రియ మూలరూపం, వస్తే మార్చక్కర్లేదన్నారు. 'ఎల్ సె లెసే మురీర్', తనని తాను చావనిచ్చింది, అందులో ఉండే ఆ 'ఈ' పోయింది. కొంపేం మునిగింది? 2018లో ఇద్దరు బెల్జియన్ మాజీ టీచర్లు అవ్వార్‌తో అసలు మార్పే వద్దన్నారు. రిఫ్లెక్సివ్‌లన్నిటినీ కర్తతోనే కలిపేస్తే పిల్లలకి టెన్షన్ తప్పుతుంది.

వసుధ: కలిపేస్తే ఎవరు చేశారన్నదే మిగులుతుంది. ఎవరికి, దేనికి జరిగిందో వాక్యంలో వెతికే పని పోతుంది. పిల్లలకి నేను నేర్పాలనుకునేది ఆ వెతుకులాటనే. సారోజేని వదిలేద్దామంటే రేపే సంతకం పెడతా. లవేని మాత్రం వదలను.